బాడుగ ఇంటి తగవు తేలేదెక్కడ?

రెంట్ కంట్రోలర్ నుంచి రెంట్ ట్రైబ్యునల్ దాకా చట్టం చాలా దూరం నడిచింది. రసీదు లేని బాడుగ, రిజిస్టరు కాని భోగ్యం మాత్రం ఇప్పటికీ ఏ పీఠం ముందూ గట్టిగా నిలవలేకపోతున్నాయి. కరువు సీమ నగరం అనంతపురంలో ఇంటి తగవులు నడిచే తీరుపై ఈ ఆదివారం ముఖచిత్ర కథనం.

ఇంటి యజమానికీ, ఆ ఇంట్లో బాడుగకు ఉండేవారికీ మధ్య వచ్చే తగవులు సాధారణంగా నాలుగు విషయాల చుట్టూనే తిరుగుతాయి: నెలనెలా కట్టాల్సిన బాడుగ, చేరేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు, ఇల్లు ఖాళీ చేయాల్సిన గడువు, నీళ్లూ కరెంటూ వంటి సౌకర్యాలు. పైకి చిన్నవిగానే కనిపించినా ఇవి ఒకరికి తలదాచుకునే చోటుతో, మరొకరికి జీవితకాలపు కష్టార్జితంతో ముడిపడినవి కాబట్టి, వీటిని మామూలు సివిల్ దావాల వరుసలో ఏళ్ల తరబడి నిలబెట్టడం తగదన్న ఆలోచనతో చాలా దేశాలు ప్రత్యేక న్యాయపీఠాలను ఏర్పాటు చేసుకున్నాయి. ఒకే తరహా వివాదాలను వినడానికి చట్టం నెలకొల్పిన ఇలాంటి పీఠాన్నే ట్రైబ్యునల్ అంటారు. కోర్టులాగే అది ఇరుపక్షాల వాదనా విని ఉత్తర్వు ఇస్తుంది గాని, సివిల్ కోర్టు తప్పక పాటించాల్సిన విధివిధానాల బరువు దానిపై అంతగా ఉండదు.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే అనంతపురం పీఠభూమిలో ఈ తగవులకు తమదైన నేపథ్యం ఉంది. వేరుశనగ పంట చేతికి రాని ఏళ్లలో పల్లె కుటుంబాలు కూలి కోసమో, పిల్లల చదువుల కోసమో పట్టణం చేరుతాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులను, ఉద్యోగులను అనంతపురానికి రప్పిస్తాయి. గుంతకల్లుకు రైల్వే, ధర్మవరానికి పట్టుమగ్గాలు, హిందూపురానికి పరిశ్రమలు బయటి ఊళ్ల జనాన్ని తీసుకువస్తాయి. 2011 జనాభా లెక్కల నాటికే సుమారు 2.6 లక్షల మంది ఉన్న అనంతపురం నగరంలో మిద్దె మీద ఒక పోర్షన్ కట్టి బాడుగకు ఇవ్వడం చిన్న ఉద్యోగికి రిటైర్మెంటు ఆదరువు కాగా, ఆ పోర్షన్ దొరకడం వచ్చినవారికి పట్టణ జీవితానికి తొలి మెట్టు. ఈ రెండు అవసరాల మధ్య చట్టం ఎనభై ఏళ్లుగా ఎవరు తీర్పు చెప్పాలన్న ప్రశ్నను పదేపదే సవరించుకుంటూ వచ్చింది. అయితే తీర్పు చెప్పేవారి హోదా కంటే, ఇంట్లో చేరిన రోజున ఇరుపక్షాల చేతుల్లో ఏ కాగితం ఉందన్నదే ఈ వివాదాల ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తూ వచ్చిందని ఆ చరిత్ర చెబుతుంది.

యుద్ధకాలంలో పుట్టిన పీఠం

దక్షిణాదిన ఇంటి అద్దెల నియంత్రణ రెండో ప్రపంచ యుద్ధ కాలపు అవసరంగా మొదలైంది. పట్టణాలకు జనం పోటెత్తి, సిమెంటూ ఇనుమూ యుద్ధ అవసరాలకు మళ్లి, కొత్త ఇళ్లు లేవడం ఆగిపోయినప్పుడు, మద్రాసు ప్రభుత్వం భారత రక్షణ నిబంధనల కింద 1941లో ఇంటి అద్దెల నియంత్రణ ఉత్తర్వును తెచ్చింది. యుద్ధం ముగిశాక అదే 1946లో చట్టమైంది, 1949లో మరింత సమగ్రమైన చట్టంగా మారింది. అనంతపురం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా కాబట్టి ఇక్కడి పట్టణాలకు ఆ చట్టమే వర్తించింది. నిజాం పాలనలో ఉండిన ప్రాంతానికి 1954 నాటి హైదరాబాదు ఇళ్ల చట్టం వేరుగా ఉండేది. రాష్ట్రం ఏర్పడ్డాక ఈ రెంటినీ కలిపి చేసినదే ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించడం) నియంత్రణ చట్టం, 1960.

ఆ చట్టం హైదరాబాదు, సికిందరాబాదు నగరాలకూ, రాష్ట్రంలోని మునిసిపాలిటీలకూ వర్తించేలా రూపొందింది. దాని కేంద్రబిందువు రెంట్ కంట్రోలర్, అంటే అద్దె వివాదాలను వినడానికి ప్రభుత్వం నియమించే అధికారి. తహసీల్దారు స్థాయికి తగ్గని వారెవరినైనా కంట్రోలరుగా నియమించవచ్చని చట్టం అన్నప్పటికీ, కాలక్రమంలో జిల్లాల్లో ఈ బాధ్యత జూనియర్ సివిల్ జడ్జీలకు చేరింది. అందువల్ల ఒకే న్యాయమూర్తి కొన్ని ఫైళ్లలో సివిల్ జడ్జిగానూ, మరికొన్నింటిలో రెంట్ కంట్రోలరుగానూ సంతకం చేసే పద్ధతి ఏర్పడింది. కంట్రోలర్ ఉత్తర్వు మీద అప్పీలు సీనియర్ సివిల్ జడ్జి ముందుకు, ఆపై పునఃపరిశీలన కోరే రివిజను హైకోర్టుకు వెళ్తాయి. ఆ హైకోర్టు కూడా అనంతపురం వారికి 1954 దాకా మద్రాసులో, తర్వాత రెండేళ్లు గుంటూరులో, 1956 నుంచి హైదరాబాదులో ఉండి, 2019 జనవరి 1 నుంచి అమరావతికి మారింది. కింది పీఠంలో నెగ్గినా పైపీఠం దాకా ఫైలును అనుసరించగల స్తోమత ఎవరికి ఉందన్నది ఈ దూరాల వల్ల చిన్న ప్రశ్న కాకుండా పోయింది.

కారణం చూపనిదే ఖాళీ లేదు

సాధారణ ఆస్తి చట్టం ప్రకారం నెలవారీ బాడుగ మీద ఇచ్చిన ఇంటిని 15 రోజుల నోటీసుతో తిరిగి కోరే హక్కు యజమానికి ఉంటుంది. కారణం చెప్పాల్సిన అవసరం లేదు. 1960 చట్టం మార్చింది దీన్నే. చట్టంలో పేర్కొన్న కారణాల్లో ఒకటి రుజువైతే తప్ప కంట్రోలర్ ఖాళీ ఉత్తర్వు ఇవ్వకూడదని 10వ సెక్షన్ కట్టడి చేసింది. బాడుగ బకాయి పడటం, యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి బాడుగకు ఇవ్వడం, ఇంటిని ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడటం, భవనానికి నష్టం చేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా మారడం, అసలు యజమానికి యాజమాన్యమే లేదని సద్బుద్ధి లేకుండా వాదించడం ఆ కారణాల్లో ముఖ్యమైనవి. వీటికి తోడు, అదే ఊళ్లో సొంతంగా ఉండే ఇల్లు లేని యజమాని తన నివాసానికి ఇల్లు కావాలని నిజాయతీగా కోరడం కూడా కారణమే. అయితే ఈ పేరుతో ఇల్లు తీసుకున్న యజమాని నెలలోగా అందులో చేరకపోయినా, చేరి ఆరు నెలల్లోగా సరైన కారణం లేకుండా వదిలినా, పాత కిరాయిదారు తిరిగి తనకే ఇల్లు ఇప్పించమని కోరవచ్చు. సాకుగా చెప్పే సొంత అవసరానికీ నిజమైన అవసరానికీ తేడాను మాటల్లో తేల్చలేక, తర్వాతి ప్రవర్తనతో తేల్చాలని చట్టం అనుకున్నదన్నమాట.

బకాయి విషయంలో చట్టం మరింత సూక్ష్మంగా ఆలోచించింది. ఒప్పందంలో చెప్పిన గడువు దాటాక 15 రోజుల్లోగా, ఒప్పందమే లేకపోతే మరుసటి నెల ఆఖరి రోజులోగా బాడుగ కట్టకపోతే అది బకాయి. కానీ ఆ బకాయి ఉద్దేశపూర్వకం కాదని కంట్రోలరుకు తోస్తే, వెంటనే ఖాళీ చేయించకుండా 15 రోజులకు మించని గడువిచ్చి చెల్లించమనవచ్చు. ఉద్దేశపూర్వకం అంటే కట్టాల్సి ఉందని తెలిసి, బుద్ధిపూర్వకంగా, ఫలితాన్ని లెక్కచేయకుండా ఎగ్గొట్టడమని తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 1985లో వివరించింది. ఈ తేడాకు అనంతపురంలో ఉన్న విలువ వేరే చోట ఉండకపోవచ్చు. నెల జీతం వచ్చే ఇంట్లో బకాయికీ, ఏడాదికి ఒక్కసారి అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ కాయ అమ్ముకుంటే తప్ప డబ్బు చూడని కుటుంబం పిల్లల చదువు కోసం తీసుకున్న గదికి పడిన బకాయికీ స్వభావం ఒకటి కాదు. రెండో దానిలో ఎగవేత బుద్ధి లేదని వాదించే వీలు చట్టంలో ఉంది. అయితే కేసు నడుస్తున్నంత కాలం పాత బకాయినీ, నెలనెలా పడే బాడుగనూ జమ చేస్తూ ఉంటేనే కిరాయిదారు వాదన వినబడుతుందని 11వ సెక్షన్ షరతు పెట్టింది. కాబట్టి చేతిలో నికరంగా డబ్బు ఆడని కుటుంబానికి ఆ వెసులుబాటు సగమే దక్కుతుంది.

బాడుగ తీసుకోనంటే ఏం చేయాలి

ఈ తగవుల్లో తరచూ కనిపించే ఎత్తుగడ ఒకటుంది. ఇల్లు ఖాళీ చేయించదలచిన యజమాని రెండు మూడు నెలలు బాడుగ తీసుకోకుండా తిప్పి పంపి, తర్వాత అదే బకాయి అని పిటిషను వేస్తారు. 1960 చట్టం దీనికి 8వ సెక్షన్‌లో మెట్లు మెట్లుగా మందు రాసింది. కట్టిన బాడుగకు సంతకంతో రసీదు పొందడం కిరాయిదారు హక్కు. యజమాని తీసుకోవడానికి నిరాకరిస్తే, డబ్బు జమ చేయడానికి ఒక బ్యాంకు పేరు చెప్పమని ముందు నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే కమీషను మినహాయించుకుని మనియార్డరు పంపాలి. అదీ తిరిగి వస్తే కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. ఈ వరుసలో ఏ మెట్టునూ దాటవేయకుండా నడిచిన కిరాయిదారు చేతిలో చివరికి మూడు కాగితాలు మిగులుతాయి: నోటీసు నకలు, తిరిగొచ్చిన మనియార్డరు కూపను, జమ చేసినట్టు చలానా. విచారణలో ఇవి ఎగ్జిబిట్లుగా, అంటే సాక్ష్యంగా గుర్తించి అంకె వేసిన పత్రాలుగా, ఫైలులో చేరినప్పుడు బకాయి ఆరోపణ నిలవడం చాలా కష్టమవుతుంది. ఇవేవీ లేకుండా ఆయనే వద్దన్నారండీ అని నోటిమాటగా చెప్పేవారికి సాక్షులను వెతుక్కోవడమే మిగులుతుంది. ఇప్పుడు బాడుగ ఎక్కువగా ఫోను నుంచి నేరుగా ఖాతాకు వెళ్తున్నందువల్ల చెల్లింపుకు ఆధారం దానంతటదే ఏర్పడుతోంది గాని, ఏ నెలకు, ఎంత బాడుగ, ఎంత కరెంటు బిల్లు అన్న వివరం రాయకపోతే ఆ ఆధారం కూడా వాదనకు తావిస్తుంది.

అడ్వాన్సు సంగతీ ఇలాంటిదే. న్యాయమైన అద్దె ఇంకా నిర్ణయం కాని ఇంటికి ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదన్నది 1960 చట్టం పెట్టిన హద్దు. నాడు నెల్లూరు జిల్లాలో ఉన్న గూడూరులోని మోడరన్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు 1989లో ఈ హద్దును ఆధారం చేసుకుని, యజమాని దగ్గర అంతకు మించిన అడ్వాన్సు నిల్వ ఉన్నప్పుడు ఆ అదనపు మొత్తం బాడుగకు సర్దుబాటు కావాల్సిందేనని, అటువంటప్పుడు కిరాయిదారు బకాయి పడ్డాడనలేమని తేల్చింది. హోటలు భవనం గురించిన తీర్పే అయినా అందులోని తర్కం ఇళ్లకూ చెల్లుతుంది. అయితే అడ్వాన్సు ఎంత ఇచ్చారన్నది రాతలో లేకపోతే, యజమాని తక్కువ చెప్పి కిరాయిదారు ఎక్కువ చెప్పే వాదనలో ఈ తీర్పు అక్కరకు రావడానికి ముందే కేసు దారి తప్పుతుంది.

బోరు, సంపు, మోటారు స్విచ్చి

కరువు పట్టణంలో బాడుగ తగవు డబ్బుతో మొదలైనా నీళ్ల దగ్గరికి చేరడం అరుదు కాదు. ఒక మామూలు ఇంటి అమరికను గమనిస్తే సంగతి తేటపడుతుంది. కింద యజమాని, మిద్దె మీద రెండు పోర్షన్లు. మునిసిపల్ కుళాయి నీరు వచ్చిన రోజున నేల కింది సంపులో నిండుతుంది. అక్కడి నుంచి మోటారుతో పైతొట్టికి ఎక్కించాలి. మోటారు స్విచ్చి యజమాని వంటింటి పక్కన ఉంటుంది. కరెంటు మీటరు ఒక్కటే, పైవారికి సబ్‌మీటరు. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు తెప్పించినప్పుడు ఆ ఖర్చు తలా ఎంతన్నది ఏ ఒప్పందంలోనూ ఉండదు. ఇరుపక్షాలకు పడనప్పుడు బాడుగ పెంచమనో ఖాళీ చేయమనో నోటితో చెప్పాల్సిన పని లేదు, మోటారు వేయకపోతే చాలు.

కిరాయిదారు అనుభవిస్తున్న సౌకర్యాలను తగిన కారణం లేకుండా యజమాని ఆపకూడదన్న నిబంధన 1960 చట్టంలోనే ఉంది. నీరు, కరెంటు, నడవా, మెట్లు, మరుగుదొడ్డి, పారిశుధ్యం వంటివన్నీ సౌకర్యాల కిందికే వస్తాయి. పూర్తి విచారణకు ముందే వాటిని పునరుద్ధరించమని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చే అధికారం కంట్రోలరుకు ఉంది. చట్టం మాటల్లో ఇది బలమైన రక్షణే. కానీ పిటిషను వేసి, నోటీసు అందజేయించి, ఉత్తర్వు తెచ్చుకునే లోపు నీళ్లు లేని ఇంట్లో కుటుంబం ఎన్ని రోజులు ఉండగలదన్నది చట్టం లెక్కలో లేని విషయం. అందుకే ఇటువంటి తగవుల్లో చాలామంది కోర్టుకు పోకుండా సర్దుకుపోతారు, లేదా ఇల్లు మారతారు. తక్షణ ఉపశమనం ఇవ్వాల్సిన వివాదానికి ఎన్ని గంటల్లో ఉత్తర్వు వస్తుందన్నదే పీఠానికి అసలు పరీక్ష.

యజమాని ఇంకాస్త ముందుకు పోయి సామాను బయటపెట్టి తాళం వేస్తే, అక్కడ వేరే చట్టం పనిచేస్తుంది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధమైన దారిలో కాకుండా ఇంట్లోంచి గెంటివేతకు గురైనవారు ఆరు నెలల్లోగా దావా వేసి, హక్కు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. ఇల్లు తనదైనంత మాత్రాన ఖాళీ చేయించే పని తన చేతుల్లోకి తీసుకునే అధికారం యజమానికి లేదన్న సూత్రం దీనికి మూలం.

మూడున్నర వేల గీత

ఈ రక్షణలన్నీ ఎన్ని ఇళ్లకు వర్తిస్తాయన్నది 1960 చట్టం చరిత్రలో అతి పెద్ద ప్రశ్న. కొత్త ఇళ్ల నిర్మాణాన్ని ప్రోత్సహించాలన్న ఉద్దేశంతో, 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలను చట్టం మొదటి నుంచీ మినహాయించింది. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కొట్టివేసింది. పుట్టినప్పుడు సబబుగా ఉన్న వర్గీకరణ పాతికేళ్లు గడిచాక వివక్షగా మారవచ్చని, కొత్త భవనాలన్న పేరుతో పాతబడిన భవనాలకు శాశ్వత మినహాయింపు కుదరదని ఆ తీర్పు సారాంశం. వెంటనే ఆ డిసెంబరులోనే ప్రభుత్వం పదేళ్లలోపు భవనాలకు, నెలకు వెయ్యి రూపాయలకు మించి బాడుగ ఉన్నవాటికి కొత్త మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణ ఈ గీతను మళ్లీ జరిపి, కట్టిన 15 ఏళ్ల దాకా భవనాలనూ, మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన బాడుగలనూ చట్టం పరిధి నుంచి తప్పించింది. సరిహద్దుకు అవతల కర్ణాటక 1999 అద్దె చట్టం కూడా ఇవే అంకెలను గీతగా పెట్టుకోవడం గమనించదగ్గది. బెంగళూరుకు వలసపోయే హిందూపురం, కదిరి కుటుంబాలు అక్కడా ఇదే తరహా గీతను ఎదుర్కొంటాయి.

అంకె స్థిరంగా ఉండి బాడుగలు పెరుగుతూ పోయాయి. అనంతపురంలో సాయినగర్, కమలానగర్, రామ్‌నగర్ వంటి పేటల్లో 3,500 రూపాయలకు ఒక కుటుంబం ఉండగల పోర్షన్ దొరకడం నేడు దాదాపు కలలోని మాట. కాబట్టి పేదలకు రక్షణగా పెట్టిన గీత మధ్యతరగతిని ముందే వదిలేయగా, పేదలు కూడా క్రమంగా దాని బయటికి నడిచారు. గీత దాటిన ఇంటికి రెంట్ కంట్రోలర్ లేరు. యజమాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో ఖాళీ దావా వేస్తే, కారణం సరైనదా కాదా అన్న చర్చే రాదు. నోటీసు సరిగ్గా ఉందా, లీజు గడువు ముగిసిందా అన్నవే ప్రశ్నలు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలన్న నిబంధనను తప్పించుకోవడానికి రాసుకునే 11 నెలల అగ్రిమెంటు ఈ దారిని యజమానికి మరింత సులువు చేస్తుంది. అయినా దావా, అప్పీలు, అమలు పిటిషను అన్నీ కలిసి ఏళ్లకు సాగుతాయన్న భయంతో చాలామంది యజమానులు ఇల్లు ఖాళీగా ఉంచడానికో, బంధువులకే ఇవ్వడానికో మొగ్గు చూపుతారు. కిరాయిదారుకు రక్షణ లేదు, యజమానికి నమ్మకం లేదు. పీఠం పరిధి కుంచించుకుపోయినప్పుడు ఇద్దరూ నష్టపోయే తీరు ఇది.

భోగ్యం: పీఠం చూపు ఆనని ఒప్పందం

కర్ణాటక సరిహద్దు పట్టణాల్లో, ముఖ్యంగా హిందూపురం వైపు, భోగ్యం పద్ధతి బాగా వాడుకలో ఉంది. ఇంట్లో చేరేవారు ఒక పెద్ద మొత్తాన్ని యజమానికి ముందుగా ఇస్తారు. రెండు మూడేళ్లు బాడుగ లేకుండా ఉంటారు. ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తాన్ని వడ్డీ లేకుండా తిరిగి తీసుకుంటారు. కూతురి పెళ్లికో, మిద్దె మీద మరో అంతస్తుకో డబ్బు కావాల్సిన యజమానికి బ్యాంకు గడప తొక్కకుండా అప్పు దొరుకుతుంది; పొలం అమ్మిన సొమ్మో, గల్ఫు సంపాదనో చేతిలో ఉన్న కుటుంబానికి నెలనెలా బాడుగ బెడద తప్పుతుంది.

న్యాయదృష్టిలో ఈ ఒప్పందానికి ఉన్న రూపం వేరు. బాడుగ లేని చోట లీజు అనడం కష్టం. అప్పుకు హామీగా ఆస్తిని స్వాధీనం చేసి, దాని ఫలసాయాన్ని వడ్డీకి బదులుగా అనుభవించనివ్వడాన్ని ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ తనఖాలో ఒక రకంగా చెబుతుంది. వంద రూపాయలు, అంతకు మించిన అటువంటి తనఖా రిజిస్టరైన పత్రంతోనే చెల్లుతుందని 59వ సెక్షన్ నిబంధన. వాడుకలో ఉన్న భోగ్యం పత్రాలు ఎక్కువగా స్టాంపు కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలతోనే ఆగిపోతాయి. ఫలితంగా గడువు తీరాక యజమాని డబ్బు తిరిగివ్వలేనంటే, ఇంట్లో ఉన్నవారు కిరాయిదారు కారు కాబట్టి అద్దె వివాదాల పీఠం వినదు, పత్రం రిజిస్టరు కాలేదు కాబట్టి తనఖా హక్కు పూర్తిగా నిలవదు. చివరికి ఇచ్చిన డబ్బు వసూలు కోసం సివిల్ దావా వేయడమే దారి. ఈలోగా అదే ఇంటి మీద బ్యాంకు అప్పు ఉండి, ఆ బ్యాంకు వేలం నోటీసు అంటిస్తే పరిస్థితి మరింత బిగుసుకుంటుంది. ఎక్కువ డబ్బు చేతులు మారే ఒప్పందానికి తక్కువ రక్షణ ఉండటం ఈ ప్రాంతపు ఇంటి తగవుల్లో పెద్ద వైరుధ్యం.

మూడు అంచెల కొత్త నమూనా

అద్దె వివాదాలకు విడిగా ట్రైబ్యునళ్లు పెట్టుకునే అధికారాన్ని రాజ్యాంగం 75వ సవరణ ద్వారా 323-బి అధికరణంలో చేర్చింది. 1993లో చేసిన ఆ సవరణ 1994 మే నుంచి అమలులోకి వచ్చింది. అయితే హైకోర్టుల సమీక్షాధికారాన్ని ఏ ట్రైబ్యునల్ చట్టమూ తుడిచివేయలేదని సుప్రీంకోర్టు ఎల్. చంద్రకుమార్ కేసులో 1997లో తేల్చడంతో, ఈ పీఠాలు హైకోర్టుకు బదులుగా కాక దానికి లోబడి పనిచేయాల్సినవేనని స్థిరపడింది. ఈ పునాది మీద కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే 2017 నాటి నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టాన్ని రూపొందించుకుంది. నమూనా చట్టం బాటలో తమ చట్టాలను మార్చుకున్న రాష్ట్రాలుగా కేంద్రం పార్లమెంటుకు చెప్పిన నాలుగింటిలో తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంలతో పాటు ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కేంద్ర నమూనాలో మూడు అంచెలున్నాయి. డిప్యూటీ కలెక్టరు స్థాయికి తగ్గని రెంట్ అథారిటీ ఒప్పందాలను నమోదు చేసుకుని, బాడుగ పెంపు, మరమ్మతులు, నీరు కరెంటు నిలిపివేత వంటి రోజువారీ తగవులను చూస్తుంది. ఖాళీ చేయించే వివాదాలు అదనపు కలెక్టరు స్థాయి రెంట్ కోర్టుకు వెళ్తాయి. అప్పీలు జిల్లా జడ్జి లేదా అదనపు జిల్లా జడ్జి నిర్వహించే రెంట్ ట్రైబ్యునలుకు చేరుతుంది. కేసును 60 రోజుల్లో తేల్చాలన్నది లక్ష్యం. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించకూడదు; బాడుగ పెంచాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి; యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. గోడలకు సున్నం, తలుపుల రంగు, పైపులు, వైరింగు యజమాని బాధ్యత. కుళాయి వాషరు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు కిరాయిదారు బాధ్యత. ఒప్పందం ముగిసినా ఖాళీ చేయనివారు మొదటి రెండు నెలలు బాడుగకు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు చెల్లించాలి. 8,000 రూపాయల ఇంటికి అది మొదట నెలకు 16,000, తర్వాత నెలకు 32,000 అవుతుంది.

పాత చట్టంతో పోలిస్తే ఇందులో తూకం స్పష్టంగా మారింది. బాడుగ ఎంతన్నది ఇరుపక్షాల ఇష్టం. ప్రభుత్వం నిర్ణయించే న్యాయమైన అద్దె అన్న భావనే లేదు. 1944 ఏప్రిల్ 5కు ముందరి పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన బాడుగలను ప్రాతిపదికగా చూపిన పాత పద్ధతి ఏనాడో కాలం చెల్లిన మాట నిజమే గాని, దాని స్థానంలో వచ్చినది పూర్తిగా ఒప్పందం మీద ఆధారపడిన వ్యవస్థ. పరిధిని కుదించే 3,500 వంటి గీత లేకపోవడం కిరాయిదారుకు మేలు. రాతపూర్వక ఒప్పందం చేసుకుని రెండు నెలల్లోగా అథారిటీకి తెలియజేయాలన్న నిబంధన మాత్రం మేలు, కీడు రెండూ చేయగలది. నమోదైన ఒప్పందం ఉన్నవారికి పీఠం తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. నోటిమాట మీద చేరినవారికి అది పాత చట్టం కంటే ఇరుకు కావచ్చు, ఎందుకంటే పాత చట్టం ఒప్పందం లేని బాడుగను కూడా గుర్తించి దానికి గడువు సైతం నిర్దేశించింది.

ఇతర దేశాల దారి

ఈ చిక్కును ఇతర దేశాలు మరో కోణం నుంచి విప్పాయి. న్యూజిలాండ్ 1986 చట్టంతో నెలకొల్పిన టెనెన్సీ ట్రైబ్యునల్ ముందు ఇరుపక్షాలూ సాధారణంగా న్యాయవాదులు లేకుండానే తమ మాట తామే చెప్పుకుంటాయి. అంతకంటే ముఖ్యంగా, అక్కడ అడ్వాన్సు యజమాని జేబులోకి వెళ్లదు. యజమాని దాన్ని ప్రభుత్వ విభాగం దగ్గర జమ చేయాలి. ఇల్లు ఖాళీ చేశాక ఇద్దరి సంతకాలతో గాని, ట్రైబ్యునల్ ఉత్తర్వుతో గాని ఆ డబ్బు విడుదలవుతుంది. దీనివల్ల అడ్వాన్సు ఎంత, ఎప్పుడు ఇచ్చారు అన్న తగవుకే తావు ఉండదు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఆస్ట్రేలియా రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. న్యూ సౌత్ వేల్స్‌లో 2014 నుంచి, విక్టోరియాలో 1998 నుంచి పనిచేస్తున్న సివిల్, పరిపాలనా ట్రైబ్యునళ్లు ఇంటి తగవులనూ వింటాయి. కెనడాలోని ఒంటారియోలో 2007 నుంచి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు ఈ పని చేస్తోంది. కేసులు పేరుకుపోయి విచారణకు నెలల తరబడి వేచి ఉండాల్సి వస్తోందన్న విమర్శ దానిపై బలంగా ఉంది. ప్రత్యేక పీఠం పెట్టినంత మాత్రాన వేగం రాదనడానికి ఒంటారియో, తగవుకు మూలమైన డబ్బునూ కాగితాన్నీ ముందే తటస్థమైన చేతుల్లో ఉంచితే తగవే తగ్గుతుందనడానికి న్యూజిలాండ్ ఉదాహరణలు.

అనంతపురానికి పనికొచ్చేదేమిటి

ఈ అనుభవాలన్నిటినీ అనంతపురం సందర్భంలో పెట్టి చూసినప్పుడు కొన్ని నిర్ధారణలు స్పష్టమవుతాయి. మొదటిది, ఒప్పందం నమోదు మీ సేవ కేంద్రంలోనో, వార్డు సచివాలయంలోనో, నామమాత్రపు రుసుముతో, తెలుగులో, ఒక్క పూటలో పూర్తయ్యే పనిగా ఉంటే తప్ప, నమోదు మీద ఆధారపడిన ఏ చట్టమూ పాతూరు, గుల్జార్‌పేట వంటి పేటల్లోని నోటిమాట బాడుగలను చేరుకోలేదు. పన్ను భయంతో యజమాని నమోదుకు వెనకాడినప్పుడు కిరాయిదారు ఒక్కరే వెళ్లి నమోదు చేయించుకునే వెసులుబాటు ఆచరణలో పనిచేయాలి. రెండోది, ఒప్పందం నమూనా పత్రంలో నీళ్ల గురించి విడిగా ఒక పేరా ఉండాలి: కుళాయి నీరు ఎన్ని రోజులకు ఒకసారి తొట్టికి ఎక్కిస్తారు, బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరెంత భరిస్తారు, సబ్‌మీటరు యూనిట్ ధర ఎంత అన్నవి రాతలో ఉంటే, రెంట్ అథారిటీ నీళ్ల తగవును రోజుల్లో తేల్చగలదు, లేకపోతే ఆ పీఠం కూడా మునుపటిలాగే సాక్షుల మాటల్లో చిక్కుకుంటుంది. మూడోది, భోగ్యాన్ని లీజుగానో తనఖాగానో ఏదో ఒక రూపంలో చట్టం గుర్తించి, తక్కువ స్టాంపు ఖర్చుతో రిజిస్టరు చేసుకునే దారి చూపకపోతే, ఎక్కువ సొమ్ము పణంగా పెట్టిన కుటుంబాలే పీఠం బయట మిగిలిపోతాయి.

ఈ మార్పులు వచ్చే దాకా కూడా అందుబాటులో ఉన్న దారి ఒకటుంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టుకు పోకముందే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదర్చగలదు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి న్యాయవాది సాయం ఉచితం. బాడుగ తగవుల్లో చాలా వాటికి కావాల్సింది హక్కుల నిర్ణయం కంటే గడువుల సర్దుబాటు: ఎప్పటిలోగా ఖాళీ చేయాలి, అడ్వాన్సులో ఎంత తిరిగి ఇవ్వాలి, ఈలోగా నీళ్లు ఎవరు ఎక్కించాలి. ఇలాంటి సర్దుబాటుకు రాజీ వేదిక పెద్ద పీఠం కంటే తగినది.

రెంట్ కంట్రోలర్, రెంట్ కోర్టు, రెంట్ ట్రైబ్యునల్ అని పీఠాల పేర్లు ఎన్ని మారినా, అవి వినేది తమ ముందుకు వచ్చిన కాగితాన్నే. బాడుగకు రసీదు, అడ్వాన్సుకు రాత, నీళ్లకు షరతు, భోగ్యానికి రిజిస్ట్రేషను చేరే రోజునే ఏర్పడే ఊళ్లో 60 రోజుల గడువు సాధ్యమైన లక్ష్యం అవుతుంది. అవి లేని ఊళ్లో ఎంత పెద్ద హోదా ఉన్న పీఠమైనా, ఎంత కొత్త చట్టమైనా, ఒకరి మాటకు ఎదురుగా మరొకరి మాట పెట్టి తూచే పాత పనినే మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.